నన్నారి బట్టీలో మా తరగతి

నా చిన్ననాటి స్నేహితురాలు మళ్ళీ పరీక్ష కట్టిందన్న సంగతి నాకు మొదట చెప్పింది మా వీధిలో పూలమ్మే ఆమె. గోరంట్లలో మేముండే వీధికి ఆమె రోజూ పొద్దున్నే పక్క పల్లె నుంచి బస్సులో గంప వేసుకొని వస్తుంది. ఆ రోజు దేవుడికి రెండు మూరలు, నాకొక మూర కొలిచి ఇస్తూ, "మా ఊరి అంగన్‌వాడీ ఆయమ్మ నీ చిన్నప్పటి స్నేహితురాలే గదక్కా? ఎప్పుడు చూసినా లెక్కల పుస్తకం ముందరేసుకొని కూచోనుంటాది. పిల్లోళ్ళకు గుడ్లు ఉడకేసేటప్పుడు గూడా నోట్లో ఏందో గొణుక్కుంటాంటాది. గాలి సోకిందేమో అని మా వాళ్ళు నవ్వుతాండారు" అంది.

"గాలి కాదులే తల్లీ, పదో తరగతి" అన్నాను.

పైకి నవ్వాను గానీ, తలుపు వేసుకొని లోపలికి వచ్చాక దేవుడి గూటి ముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆమె అంతకు ముందు మూడుసార్లు తప్పింది. మొదటిసారి మాతో పాటు రాసినప్పుడు. తర్వాత పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఓపెన్ స్కూల్లో రెండుసార్లు. తక్కినవన్నీ దాటింది, లెక్కలే మిగిలాయి. పది పాసైతే ఆయా నుంచి టీచరుగా వేస్తారు. వాళ్ళ కేంద్రంలో టీచరమ్మ ఈ ఏడే దిగిపోతోంది. ఇంకో ఏడాది పోతే మా స్నేహితురాలికి వయసు దాటిపోతుంది, ఇక అడగడానికి కూడా ఉండదు. ఇది ఆఖరి అవకాశమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఈసారి కట్టినట్టు మాలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం కూడా నాకు అర్థమైంది. మూడుసార్లు ఓదార్పు వినడం ఎవరికైనా ఎక్కువే.

మేమంటే నలుగురం. మాకు బడి లేదు, తరగతి గది లేదు, గ్రూపు ఫోటో లేదు. నేను బడికి పోయింది అయిదు దాకానే. ఆ పైన చదువంతా ధర్మవరంలో మా ఇంట్లో, మా వదిన దగ్గర. మా ఇంట్లో అప్పుడు నాలుగు మగ్గాలు ఆడేవి. వదిన ఇంటర్ చదివి మా ఇంటికి కోడలుగా వచ్చింది. నాకు చదువు చెప్పుకుంటానని మా అమ్మను అడిగితే అమ్మ కాదనలేదు, ఒకే షరతు పెట్టింది: "చెప్పుకో. చేతులు మాత్రం నిలపగూడదు."

అందుకని కండెలు చుడుతూనే చదువుకున్నాము. కండెలంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలు. వాటికి పట్టుదారం చుట్టడం ఆడపిల్లల పని. ఎడమ చేత్తో దారం పట్టుకోవాలి, కుడి చేత్తో రాట్నం తిప్పాలి. ఇంక పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి యాడిది? వదిన పైకి చదివేది, మేము పైకి చెప్పేవాళ్ళం. ఎక్కాలు, పద్యాలు, సైన్సు, సోషలు, అన్నీ నోటితోనే. మధ్యాహ్నం నేతగాళ్ళు అన్నాలకు లేచినప్పుడు ఒక అరగంట మాత్రం రాసుకొనేవాళ్ళం. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ముగ్గురు ఆడపిల్లలు కండెలు చుట్టడానికి వచ్చి, చదువులో కూడా పడ్డారు. వదిన తానే అప్లికేషన్లు నింపి, నలుగురి చేతా ప్రైవేటుగా పది కట్టించింది. అదీ మా తరగతి. ఆ ఇంటికీ, ఆ మగ్గాల చప్పుడుకీ, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న ఆ వదినకీ ఇన్నేళ్ళుగా ప్రతి ఉదయం దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

తర్వాత మగ్గాలు నిలిచిపోయాయి. అన్న, వదిన పక్క వీధిలో చిన్న ఇంటికి మారారు. మా ఇల్లు కొన్నాయన సుగంధిపాల వేళ్ళతో నన్నారి షర్బత్ కాచే సాయిబు. మగ్గాల గుంతలు పూడ్చి, నేల చదును చేసి, అక్కడ పొయ్యిలు కట్టించాడు. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళికి పోయినప్పుడు నలుగురమూ ఆ వీధిలో నడుస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "చూసి పోండక్కా, మీ ఇల్లే గదా" అని లోపలికి పిలిచాడు. చల్లగా తలా ఒక గ్లాసు షర్బత్ ఇచ్చాడు. అక్కడ చాపల మీద నానబెట్టిన నన్నారి వేళ్ళ కుప్ప ఉంది. వాటిని రాయితో మెత్తగా కొట్టి, లోపలి ఈనె తీసేసి, పై బెరడు మాత్రం కాగబెడతారు. మేము మాటల్లో కూర్చున్నాము, ఎప్పుడు రాళ్ళు చేతికి తీసుకున్నామో మాకే తెలియదు. గంటలో సగం కుప్ప అయిపోయింది.

"యా అల్లా! ఇంత పని మావోళ్ళు రెండు పూటలు చేస్తారు. వచ్చే ఏడూ రండక్కా, షర్బత్తుకు రానిస్తా, పనికి కాదు" అన్నాడాయన.

అప్పటి నుంచీ ఉగాది దాటాక, ఎండలు ముదిరే ముందు, ఒక ఆదివారం అక్కడే కలుస్తున్నాము. మాలో ఒకామెకు ధర్మవరంలోనే చీరల అంగడి ఉంది. ఆమె కొడుకు మా కోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, దానికి 'బ్రూవరీ బ్యాచ్' అని పేరు పెట్టాడు. అదేమంటే, కాచే చోటును అట్లే అంటారని చెప్పాడట. నా ఫోనులో ఆ పేరు మా ఆడబిడ్డ చూసింది. వారం పాటు మా ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి ఏడాదికొకసారి ధర్మవరం పోయి బీరు తాగి వస్తుందని ఎలా నమ్మారో! చివరికి ఒక సీసా షర్బత్ తెచ్చి పోస్తే తప్ప ఆ గొడవ సద్దుమణగలేదు. ఇప్పుడు మా ఆయన కూడా, "ఏం, బ్రూవరీ ఎప్పుడు?" అనే అడుగుతాడు.

ఈ ఏడు ఆ ఆదివారం పొద్దున నేను గోరంట్లలో బస్సెక్కాను. బొరుగుల ఉగ్గాని నా వంతు, పెద్ద క్యారియరు నిండా చేసి తీసుకున్నాను. రెండు స్టాపులు దాటాక మా ఆయా స్నేహితురాలు ఎక్కింది. నన్ను చూసి వచ్చి పక్కన కూర్చుంది.

"బాగుండావా?"

"బాగుండా. నువ్వు?"

"నాకేం, బాగుండా."

అంతే. ధర్మవరం దాకా వానల గురించి మాట్లాడుకున్నాము, పడని వానల గురించి. చెనక్కాయల గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నాము. ఆమె ఒళ్ళో ఒక సంచి. దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పరీక్ష ఫలితాలు శుక్రవారమే వచ్చాయని పేపర్లో చూశాను. ఆమె ముఖంలో వెతికాను, ఏమీ కనబడలేదు. అడగాలని నోటి దాకా వచ్చి, మా ఇలవేల్పు చౌడమ్మ తల్లిని తలచుకొని, నోరు మూసుకున్నాను. చెప్పుకొనే హక్కు ఆమెది.

మేము చేరేసరికి తక్కిన ఇద్దరూ వచ్చేశారు. చీరల అంగడి ఆమె ఓళిగలు తెచ్చింది. శింగనమల దిక్కు సేద్యగాళ్ళ ఇంటికి కోడలుగా పోయిన ఆమె వేయించిన చెనక్కాయలు తెచ్చింది, ఏడాదంతా దాచుకున్న మాటలూ తెచ్చింది. వదిన అప్పటికే గోడకు ఆనుకొని కూర్చొని, ముందు వేళ్ళ కుప్ప పెట్టుకొని ఉంది. కళ్ళకు శుక్లాలు వచ్చాయి, ఆపరేషను ఇంకా చేయించుకోలేదు. అయినా ఈనె తీయడంలో మా అందరి కంటే ఆమే ముందు. ఆ రోజు నీళ్ళ ట్యాంకరు టైముకు వచ్చిందని సాయిబన్న సంతోషంగా ఉన్నాడు. పెద్ద గుండిగలో వేళ్ళు కాగుతుంటే ఆ వాసన ఇల్లంతా నిండిపోయింది. మంచి నీళ్ళు, మంచి వాసన, నలుగురూ ఆరోగ్యంగా ఒక చోట. ఇంతకంటే ఏం అడుగుతాం?

మా రాళ్ళ చప్పుడు మొదలైంది. దానితో పాటే ఎప్పుడూ ఉండే పరాచికం కూడా.

చీరల అంగడి ఆమె మా ఆయమ్మ వైపు తిరిగి, "ఏమే, నూరంటే ఎంత?" అంది.

"యాడ? మగ్గంలోనా, బడిలోనా?" అంది ఆమె, ప్రతి ఏడూ అన్నట్టే.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, తల వంచుకొని.

ఈ పరాచికం సంగతి చెప్పాలి. మా ఇంట్లో పడుగు దారాలను పుంజాల లెక్కన లెక్కపెట్టేవాళ్ళు. పుంజానికి నూట ఇరవై పోగులు. మేము నడక నేర్చినప్పటి నుంచి విన్న లెక్క అదే. మా పది పరీక్షలో శాతం లెక్క ఒకటి వచ్చింది, ఒక ఊళ్ళో నూటికి ఎంతమంది పిల్లలు బడికి పోతున్నారని. మా స్నేహితురాలు నూరు బదులు నూట ఇరవై వేసి చేసి వచ్చింది. పరీక్ష అయ్యాక వదిన ఒక్కొక్కటే అడుగుతుంటే అది బయటపడింది. "పుంజానికి ఎంతమందని రాసినావా తల్లీ?" అని వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ఫలితాలు వచ్చాయి. ముగ్గురం పాసయ్యాము. ఆమె లెక్కల్లో తప్పింది. ఆ నవ్వు మాత్రం ఇన్నేళ్ళుగా మిగిలిపోయింది.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. పరీక్ష ముందు రోజు ఆమె రాట్నం తిప్పుతూ నన్ను, "శాతమంటే ఏందే? నాకు ఎక్కల్యా" అని అడిగింది. నేను పెద్ద పంతులమ్మలా, "పుంజం లెక్కే అనుకో. పుంజానికి ఎన్ని పోగులు తెగినాయో చెప్పడం" అన్నాను. తీరు అర్థం కావాలని చెప్పిన మాట అది. ఆమె నా మాటను నమ్మి, ఉన్నదున్నట్టు పరీక్షలో రాసింది. ఆమె నా పేరు ఎప్పుడూ బయట పెట్టలేదు. నేనూ చెప్పలేదు. నేను పాసై, పెళ్ళి చేసుకొని, పుస్తకాలు చదువుకుంటూ, నాలుగు ముక్కలు రాసుకుంటూ సుఖంగా ఉన్నాను. ఆమె పొద్దున్నే పోయి కేంద్రం ఊడ్చి, గుడ్లు ఉడకబెట్టి, పిల్లల ముక్కులు తుడిచి, పక్క గదిలో ఇంకొకామె పాఠం చెబుతుంటే వింటూ ఉంది. ఇదంతా నా ఒక్క మాట వల్లనే అనుకుంటూ ఎన్ని రాత్రులు దేవుడిని క్షమించమన్నానో లెక్కలేదు. క్షమించమని ఆమెను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

నవ్వులు తగ్గాక ఆమె చేతిలో రాయి కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకొని, సంచిలో నుంచి మడిచిన హాల్‌టికెట్టు కాగితం ఒకటి తీసింది.

"నేను మళ్ళా రాసినా" అంది.

రాళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా అమ్మ ఉండి ఉంటే కేకలేసేది.

"ఎప్పుడే?" అంది శింగనమల ఆమె. "మాకొక్క మాట చెప్పగూడదా?"

"చెప్తే మీరంతా మొక్కులు మొక్కుతారు. ఆ మొక్కులు తీర్చల్లంటే నేను పాస్ గావల్ల. ఆ బరువు యాడ మోసేది? రిజల్టు శుక్రారమే వచ్చినాది. మా ఊర్లో ఎవురినన్నా చూడమంటే చూద్దురు. నేనే వద్దనుకున్నా." వదిన వైపు చూసింది. "అక్క ముందరే చూడల్లని తెచ్చినా. ఏదైనా గానీ, ఈడనే."

చీరల అంగడి ఆమె అప్పటికే ఫోను తీసింది. "ఇటియ్యి నంబరు."

అప్పుడు నేను, "ఆగండి" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఫలితం తెలిసే లోపలే చెప్పాలి. తప్పిందని తెలిశాక చెబితే గాయం మీద కారం. పాసయిందని తెలిశాక చెబితే అది ఒప్పుకోవడం కాదు, కబుర్లు చెప్పుకోవడం. అందుకని చెప్పేశాను. పరీక్ష ముందు రోజు రాట్నం దగ్గర నేనన్న మాట, ఇన్నేళ్ళూ నోరు మెదపని సంగతి, అన్నీ. చెబుతూ ఏడ్చాను కూడా.

వదినే ముందుగా అంది. "నువ్వు ఆ మాట యాడ నేర్చుకున్యావు? నా కాడనే గదా. పోగులు చూపిచ్చే నేను మీకు లెక్కలు చెప్పినా. తప్పు నాదేనని నేను ఇన్నేండ్లు అనుకుంటాండా."

ఆ ఆయమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత ఒళ్ళంతా ఊగేలా.

"ఏమ్మే, నేను ఎన్ని మార్కులకు తప్పినానో తెలుసునా నీకు? పదకొండు! ఆ శాతం లెక్కకు రెండు మార్కులు. తక్కిన తొమ్మిది ఎవురు పోగొట్నారు?"

"జ్యామెట్రీ నేను చెప్పినాలే" అంది శింగనమల ఆమె మెల్లగా.

"అట్ల జెప్పు! నువ్వు గీసిన త్రిభుజానికి నాలుగు మూలలుండె!"

ఇక ఎవరి నవ్వూ ఆగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకొని, "రెండు మార్కులకు ఇన్నేండ్లు ఏడిస్తివా, పిచ్చిదానా? వదినా ఆడబిడ్డా ఇద్దరూ నా ఫెయిలు మాది మాదని గుంజుకుంటాండారే! అది నాది. నేను సంపాదించుకున్నా. నాది నాకిడ్సండి" అంది.

నేను దేవుడిని అన్నేళ్ళు అడిగిన క్షమను ఆమె నోటితో ఒక్క నిమిషంలో ఇప్పించాడు. అదీ నవ్వుతో ఇప్పించాడు. ఆయన తీరు నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఫోనులో ఆ పేజీ తెరుచుకోలేదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. లోపల సిగ్నలు లేదని చీరల అంగడి ఆమె ముందు వాకిట్లోకి, తర్వాత మిద్దె మెట్ల మీదికి పోయింది. ఆమె వెనకాల మేము, మా వెనకాల వదిన గోడ పట్టుకొని. పొయ్యి దగ్గర పనివాళ్ళు కూడా గరిటెలు పట్టుకొని వచ్చేశారు. సాయిబన్న, "నా ఫోన్లో చూస్తా ఉండండక్కా" అని తన ఫోను తీసి, నంబరు అడిగి, ఒక్కొక్క అంకె నొక్కాడు. ఎండ పడి తెర కనబడక, తల మీది తుండు తీసి దానికి నీడ పట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నా చేతిలో ఆమె చెయ్యి, నన్నారి వాసన, బెరడు గరుకు.

ఆయన ఒకసారి చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. "అక్కా, పేరు ఇదేనా చూడు" అని ఆమెకే చూపించాడు.

ఆమె చూసింది. తల ఊపింది.

"ఏమప్పా, చెప్పు! నాకు కండ్లు కనపడవు" అని వదిన కసురుకుంది.

"పాసు" అన్నాడు సాయిబన్న. "లెక్కలు ముప్పై తొమ్మిది. పాసు తల్లీ, పాసు!"

చీరల అంగడి ఆమె మెట్ల మీద నుంచే కేక పెట్టింది. శింగనమల ఆమె చెనక్కాయలు అక్షింతల్లా ఆమె తల మీద చల్లింది. పనివాళ్ళలో ఒకడు గరిటెతో గుండిగ మూతను వాయించాడు. ఆమె మాత్రం వచ్చి వదిన ముందు కూర్చొని, కాళ్ళు పట్టుకుంది. వదిన ఆమె తల నిమిరింది. తల నిమురుతూనే, పంతులమ్మ గొంతుతో, "ముప్పై తొమ్మిది సరే. తక్కిన అరవై ఒకటి యాడబోయె?" అని అడిగింది.

"మళ్ళా రాయల్లనా అక్కా?" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆ రోజు ఉగ్గాని ఎవరు తిన్నారో, ఓళిగలు ఎన్ని తిన్నామో గుర్తు లేదు. పాకం దించే ముందు మొదటి గరిటె సాయిబన్న ఆమెకే పోయించాడు, టీచరమ్మకని. ఆమె ఆ మాటకు ఉలిక్కిపడి, "ఇంకా ఆర్డరు రాల్యాదన్నా, అప్పుడే అనగాకు" అంది. తిరుగు బస్సులో మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నాము. ఈసారి ఆమె ఆపకుండా మాట్లాడింది. సూపర్‌వైజరమ్మకు సర్టిఫికెట్టు ఎప్పుడు ఇవ్వాలో, ఎవరెవరు సంతకం పెట్టాలో, అదే పోస్టుకు ఇంకో ఊరి ఆయా కూడా అర్జీ పెట్టిందట, ఆమె పదిలో ఫస్టు క్లాసట. "ఆయమ్మకు రావల్లని రాసుంటే ఆయమ్మకే రానీ. నేను పాసయినా, అది సాలు" అంది. సాలు అన్నాక కూడా ఆమె చెయ్యి ఆ కాగితం మీద నుంచి కదల్లేదు.

ఇది రాసేనాటికి ఆర్డరు ఇంకా రాలేదు. జూన్‌లో కేంద్రం మళ్ళీ తెరిచారు, ఆమె ఎప్పటిలాగే ముందు పోయి ఊడుస్తోంది. అందుకే చదివేవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి దీపం పెట్టినా సరే, నమాజు చేసినా, మోకాళ్ళ మీద ప్రార్థన చేసినా సరే, ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. గోరంట్ల దగ్గర పల్లెలో, నాలుగోసారి రాసి లెక్కలు పాసై, గుడ్లు ఉడకబెడుతూ ఎదురుచూస్తున్న ఆయా అని అనుకుంటే చాలు. వినేవాడికి తెలుస్తుంది.